ఆ ఐపీ అడ్రస్ ఎవరిదో తెలిసింది

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్లో "సైన్యానికి వార్తల సైట్లతో పనేంట్రా, అంతా కట్టుకథ" అని తేల్చేశావు కదా, అప్పుడు ఆఫీసులో ఉండి సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా, టీ పెట్టుకుని కూర్చో.

నేను చెప్పబోయింది ఫిలిప్పీన్స్ సంగతి. అక్కడ బులత్‌లాత్ అని 2001 నుంచి నడుస్తున్న వార్తల సైట్ ఒకటి, ఆల్టర్‌మిద్యా అని ఇంకోటి, కరపతాన్ అని మానవ హక్కుల సంఘం ఒకటి ఉన్నాయి. మూడూ ప్రభుత్వానికి కంట్లో నలుసులే. ఇలాంటి వాళ్లకి కమ్యూనిస్టు ముద్ర వేసి బెదిరించడం అక్కడ ఎంత మామూలంటే, దానికి రెడ్ ట్యాగింగ్ అని పేరే పెట్టేశారు. 2021 మే నెలలో వీళ్ల సైట్ల మీద డీడాస్ దాడులు మొదలయ్యాయి. అంటే తెలుసుగా, ఒకేసారి లెక్కలేనన్ని ఉత్తుత్తి రిక్వెస్టులు పంపి సైట్‌ని ఆపేయడం. రైల్వే కౌంటర్ ముందు టికెట్ అక్కర్లేని వాళ్లు వెయ్యి మంది వచ్చి నిలబడితే, నిజంగా ఊరెళ్లాల్సినవాడు బయటే ఉండిపోతాడు చూడు, అదీ.

స్వీడన్‌లో క్యూరియం అనే సంస్థ ఉంది, ఇలా దెబ్బలు తినే సైట్లకి అండగా ఉంటుంది. వాళ్లు లాగ్‌లు, అంటే సైట్‌కి ఎవరెప్పుడు వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టాలు, తిరగేస్తే మే 18న బులత్‌లాత్ సైట్‌ని ఎవరో స్కాన్ చేసినట్టు దొరికింది. అర్ధరాత్రి ఇంటి చుట్టూ తిరిగి ఏ కిటికీ గడియ సరిగా పడలేదో తోసి చూసుకోవడం లాంటిది స్కాన్ అంటే. నా సర్వర్‌కీ రోజూ తగులుతుంటారు ఇలాంటి వాళ్లు. నా సైట్లో వర్డ్‌ప్రెస్ అనే సైట్లు నడిపే సాఫ్ట్‌వేర్ లేనే లేదు, అయినా రోజూ ఎవడో వచ్చి వర్డ్‌ప్రెస్ లాగిన్ పేజీ అడుగుతాడు, లేదు పొమ్మంటుంది, మళ్లీ అడుగుతాడు, లాగ్ నిండా అవే లైన్లు. కాబట్టి స్కాన్ జరగడం పెద్ద వింతేం కాదు. వింతల్లా ఆ స్కాన్ వచ్చిన ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో కంప్యూటర్‌కుండే ఇంటి నంబర్ లాంటిది, అక్కడి ప్రభుత్వ సైన్స్, టెక్నాలజీ శాఖది కావడం!

ఆ శాఖని అడిగితే, మాకేం సంబంధం లేదు, మా ఐపీ అడ్రస్‌లు కొన్ని వేరే ప్రభుత్వ సంస్థలు వాడుకోవడానికి ఇస్తుంటాం అంది. ఇల్లు మాదే గానీ ఉండేది అద్దెకున్నవాళ్లు అన్నట్టు. మరి ఆ అద్దెకున్నవాళ్లెవరు? అదే నెట్‌వర్క్‌లో ఒక పరికరం చూపిస్తున్న డిజిటల్ సర్టిఫికెట్‌లో ఫిలిప్పీన్స్ సైన్యం నిఘా విభాగం పేరుందని క్యూరియం అప్పటికే బయటపెట్టింది. ముసుగేసుకుని దొంగతనానికి వెళ్లినవాడు మెళ్లో ఆఫీసు ఐడీ కార్డు తీయడం మర్చిపోయినట్టుంది, నాకైతే నవ్వాగలేదు.

నువ్వు వెంటనే అంటావు, స్వీడన్ వాళ్ల మాట ఎందుకు నమ్మాలి అని. అదే ఏడాది అక్కడి ప్రభుత్వ సైబర్ భద్రతా బృందం, సెర్ట్-పీహెచ్, ఆ ఐపీ అడ్రస్ సైన్యానికి కేటాయించినదేనని తేల్చింది. మేం పత్రికా స్వేచ్ఛని గౌరవిస్తాం, విచారిస్తాం అంది సైన్యం. సరేలే, విచారణలు ఎలా సాగుతాయో మనకి కొత్తా?

ఒక్క మాట మాత్రం నీ వైపు నుంచి ఒప్పుకుంటా. కిటికీ తోసి చూసినవాడూ గుమ్మానికి అడ్డం పడుకున్నవాడూ ఒకడే అని ఆ ఒక్క అడ్రస్‌తో రుజువు కాదు. డీడాస్ చేయించినవాళ్లని పట్టుకోవడం ఇంకా కష్టం, వాడెవడో ఎక్కడెక్కడి కంప్యూటర్లనో అద్దెకి తీసుకుంటాడు. అందుకే నేను "సైన్యమే పడగొట్టింది" అనట్లేదు, తన అడ్రస్ నుంచి ఒక వార్తల సైట్ కిటికీలెందుకు తోసిందో సైన్యం చెప్పాలిగా అంటున్నా. 2022 జూన్‌లో అయితే చాటుమాటు కూడా మానేశారు, జాతీయ భద్రతా సలహాదారు కోరాడని బులత్‌లాత్‌ని టెలికాం వాళ్లే బ్లాక్ చేశారు. ఆగస్టులో కోర్టు ఆపమంటేగానీ తెరుచుకోలేదు.

ఇదంతా చదివాక నాకు పట్టుకున్న టెన్షన్ వేరే. లాగ్‌లు దాచుకోబట్టే కదా వాళ్లకి ఆ ఒక్క అడ్రస్ దొరికింది? మన దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా 2022లో 180 రోజుల లాగ్‌లు ఉంచాలంది. నా సర్వర్‌లో పదిహేను రోజులకే చెరిగిపోతున్నాయి, డిస్క్ నిండిపోతోందని నేనే అలా పెట్టా. ఆదివారం నువ్వొచ్చేటప్పుడు ఆ పాత హార్డ్ డిస్క్ పట్టుకురా, భోజనానికి ముందే ఆ పని చూసేద్దాం.

నీ
రాజు