వ్యాయామంలో కడుపునొప్పి: ఆగితే తగ్గింది కదా అని వదిలేయకండి

సంపాదకులకు,

వ్యాయామం చేస్తుంటే కడుపులో నొప్పి వస్తోందని ఎవరైనా అడిగితే రెండే జవాబులు వినిపిస్తాయి. ఒకటి ‘గ్యాస్’. రెండోది ‘అలవాటు లేక, కొన్నాళ్లకి అదే పోతుంది’. చాలామంది విషయంలో ఈ రెండూ సరైనవి కావు. కొద్దిమంది విషయంలో ప్రమాదకరం కూడా. నడక, పరుగు, జిమ్ గురించి మీ ఆరోగ్య పేజీలో వచ్చే వ్యాసాల్లో ఈ సంగతికి చోటు దొరకడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా, పరుగెత్తేవాళ్లలో ఎక్కువమందికి అనుభవమయ్యే నొప్పి సంగతి. పక్కటెముకల అంచుకి కాస్త కిందుగా, డొక్కలో, ఒకేచోట పోటు వస్తుంది. పెద్దవాళ్లలో కుడివైపు ఎక్కువ. తేలిగ్గా ఉన్నప్పుడు పట్టేసినట్టు, పీకినట్టు ఉంటుంది. ముదిరితే సూదితో పొడిచినట్టే. చోటు ఎక్కడో వేలుపెట్టి చూపించగలరు. కొందరికి అదే సమయంలో భుజం కొసన కూడా నొప్పి పుడుతుంది. ఆగితే సాధారణంగా కొద్ది నిమిషాల్లో పోతుంది, కానీ ఆ చోట సలుపు ఒక్కోసారి రెండు మూడు రోజులు మిగులుతుంది. సిడ్నీలో ఏటా జరిగే 14 కిలోమీటర్ల సిటీ టు సర్ఫ్ పరుగు పోటీలో పరుగెత్తినవాళ్లని, నడిచినవాళ్లని పరిశోధకులు అడిగితే, ఆ ఒక్కరోజే నాలుగో వంతుకు పైగా జనానికి ఈ పోటు వచ్చినట్టు తేలింది. లావుగా ఉండటానికీ దీనికీ సంబంధం కనపడలేదు. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. బాగా సాధన ఉన్నవాళ్లకి తరచుగా రాకపోవచ్చు గానీ, అసలు రాదని లేదు. కాబట్టి బడి పిల్లలకి ఇది వస్తే ‘బద్ధకం, సాకులు’ అని వ్యాయామ ఉపాధ్యాయులు కసురుకోవడం అన్యాయం.

డయాఫ్రమ్‌కి, అంటే ఛాతీకీ కడుపుకీ మధ్య ఉండి ఊపిరి ఆడించే కండరానికి, రక్తం చాలక ఈ నొప్పి వస్తుందని పాత వివరణ. అది నిలబడదు. గుర్రం మీద, ఒంటె మీద స్వారీ చేసేవాళ్లకీ ఈ పోటు వస్తుంది. వాళ్లకి పరుగులో పట్టేంత రొప్పు ఉండదు. కాలేయం, కడుపు కిందకి వేలాడి డయాఫ్రమ్‌కి కట్టిన బంధనాలను లాగుతాయని ఇంకో వాదన. మరి ఎగుడుదిగుడు కుదుపులేమీ లేని ఈతలో కూడా ఇది ఎక్కువే. శరీరాన్ని మాటిమాటికీ మెలితిప్పే, కుదిపే పనుల్లో ఎక్కువగా, సైకిల్ తొక్కడంలో తక్కువగా కనిపించే ఈ నొప్పికి ఇప్పుడు ఎక్కువగా సరిపోతున్నది పెరిటోనియం వివరణ. కడుపు గోడకి లోపలివైపు పరుచుకున్న పల్చటి పొర అది. తిండితోనో నీళ్లతోనో నిండి ఉబ్బిన పొట్ట దానికి ఒరుసుకుంటుంది. ఆ పొర నొప్పిని చురుగ్గా, కచ్చితంగా ఒకేచోట చూపిస్తుంది. ఆ పొరలో డయాఫ్రమ్ కింద ఉన్న భాగానికి నరం మెడ నుంచి వస్తుంది; భుజానికి స్పర్శనిచ్చే నరాలూ అక్కడివే కాబట్టి నొప్పి భుజం కొసన తెలుస్తుంది. ఇది ఇంకా సిద్ధాంతమే, కానీ జాగ్రత్తలు మాత్రం దీన్నిబట్టి చక్కగా కుదురుతాయి.

భారీ భోజనానికీ పరుగుకీ మధ్య కనీసం 2 గంటలు ఉండాలి. తరచూ పోటు వచ్చేవాళ్లు 3 నుంచి 4 గంటలు ఆగి చూడాలి. నీళ్లు మానేయకూడదు, ఒక్కసారిగా తాగకూడదు. దాహాన్నిబట్టి 15 నిమిషాలకోసారి 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే నాలుగైదు గుక్కలు సరిపోతాయి. అన్నిటికంటే ముందు మానాల్సింది పళ్లరసం. 100 మిల్లీలీటర్లకి 10 గ్రాములకు పైగా చక్కెర ఉన్న పానీయం తాగి పరుగెత్తితే, నీళ్లు తాగినప్పటికన్నా నొప్పి ఎక్కువని పరీక్షల్లో తేలింది. మొదటి 10 నిమిషాలు నెమ్మదిగా మొదలుపెట్టాలి. వెన్ను పైభాగం గూనిగా వంగి ఉండేవాళ్లలో ఈ పోటు ఎక్కువ కాబట్టి, వెన్ను నిటారుగా ఉంచే వ్యాయామాలు, పొట్ట లోపలి కండరాలకు బలమిచ్చే ప్లాంక్‌లాంటివి (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లు తిన్నగా నిలిపి ఉంచడం) కొన్ని వారాలు చేసి చూడటం మంచిది.

పోటు వచ్చాక చేయగలిగింది తక్కువే. వేగం తగ్గించండి లేదా ఆగండి. నొప్పి ఉన్నచోట వేళ్లతో గట్టిగా అదిమి, ముందుకు వంగి, పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి నెమ్మదిగా, పూర్తిగా వదలండి. ఎక్కువమందికి ఇంతలోనే సర్దుకుంటుంది. ఫలానా కాలు నేలమీద పడ్డప్పుడే ఊపిరి వదలాలనే చిట్కాకి గట్టి ఆధారం లేదు, పనిచేస్తే చేసుకోవచ్చు.

పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి, దాంతోపాటు విరేచనం తోసుకురావడం వేరే సంగతి. తీవ్రంగా పరుగెత్తేటప్పుడు రక్తం కాళ్లకి, చర్మానికి మళ్లిపోయి పేగులకి అందేది 80 శాతం దాకా తగ్గగలదు. ఎండ, నీళ్ల కొరత తోడైతే ఇంకా కష్టం. పరుగుకి ముందు ‘ముందుజాగ్రత్తగా’ ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లాంటి నొప్పి మాత్రలు వేసుకునే అలవాటు ఇక్కడే దెబ్బతీస్తుంది: పేగు లోపలి పొర అప్పటికే రక్తం చాలక అలసి ఉంటుంది, మాత్ర దాన్ని ఇంకా గాయపరుస్తుంది. మలంలో రక్తం కనిపిస్తే, అది ఒక్కసారే అయినా, వైద్యుడికి చూపించుకోవాలి.

బరువులెత్తేవాళ్ల నొప్పి చాలాసార్లు కడుపు లోపలిది కాదు, గోడది. వెల్లకిలా పడుకుని, నొప్పి ఉన్నచోట వేలు పెట్టి నొక్కి, చేతుల ఆసరా లేకుండా తల, భుజాలు పైకెత్తండి. నొప్పి పెరిగితే కండరానిదో అక్కడి నరానిదో అనుకోవచ్చు. దగ్గినప్పుడు గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉబ్బు కనిపిస్తే హెర్నియా కావచ్చు, అంటే కడుపు గోడ బలహీనపడ్డ చోట లోపలి భాగం బయటికి పొడుచుకు రావడం. బరువులు ఆపి సర్జన్‌ని కలవాలి. ఆ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే గంటలు లెక్కపెట్టే అత్యవసరం అది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. గుండెకి రక్తం చాలనప్పుడు వచ్చే నొప్పి కూడా శ్రమతో మొదలై, ఆగితే కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది. అది ఎప్పుడూ ఛాతీలోనే రాదు. రొమ్ము ఎముక కింద, బొడ్డుకి పైన, కడుపు మధ్యలో బరువుగా, బిగిసినట్టు, మంటగా తెలియొచ్చు. ‘ఆగితే తగ్గింది కదా’ అన్న ధైర్యం ఇక్కడ పూర్తిగా తప్పు. తేడా చూడాల్సింది మిగతా లక్షణాల్లో. డొక్కలో పోటు ఒక పక్కన, పొడిచినట్టు, తిన్నదాన్నీ తాగినదాన్నీ బట్టి మారుతూ వస్తుంది. గుండె నొప్పి తరచుగా మధ్యలో, వేలితో చూపించలేనంత వెడల్పున, ప్రతిసారీ దాదాపు అంతే శ్రమకి వస్తుంది: అదే ఎత్తు, అన్నే మెట్లు. ఆయాసం, చల్లటి చెమట, దవడకో చేతికో పాకడం ఉంటే అనుమానం ఇంకా బలపడాలి. 40 దాటినవాళ్లు, మధుమేహం, రక్తపోటు, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు ఇలాంటి నొప్పికి యాంటాసిడ్ మింగి మర్నాడు మళ్లీ పరుగుకి వెళ్లకూడదు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన గుండె బాగుందని తేలినట్టు కాదు. శ్రమతోనే వస్తున్న నొప్పని వైద్యుడికి స్పష్టంగా చెప్పాలి. ఆగి 10 నిమిషాలైనా తగ్గకపోతే, లేదా చెమటలు పడుతుంటే, సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకుండా అంబులెన్స్ పిలవాలి.

మీ పత్రిక ఇచ్చే పరుగు శిక్షణ పట్టికల పక్కన నాలుగు ప్రశ్నలు అచ్చువేయమని మనవి. నొప్పి ఎక్కడ? మొదలుపెట్టిన ఎన్ని నిమిషాలకి వచ్చింది? ఆగాక ఎంతసేపటికి పోయింది? ఆఖరుసారి ఏం తిన్నారు, తాగారు, ఎప్పుడు? రెండు మూడు సార్లు నొప్పి వచ్చినప్పుడు ఈ జవాబులు రాసిపెట్టుకుని వెళితే, ఏ పరీక్ష ముందు చేయాలో వైద్యుడికి తేలిగ్గా తెలుస్తుంది.

భవదీయుడు,
ఒక క్రీడావైద్యుడు