రాష్ట్రపతి చర్చల్లో ఓట్ల లెక్క ఏది?

రాబోయే రాష్ట్రపతి ఎవరన్న చర్చల్లో పేర్లు, కులాలు, ప్రాంతాలే తప్ప అసలు గెలుపు ఎలా వస్తుందో చెప్పేవాళ్లు కనిపించడం లేదు. మా ఊరి గ్రంథాలయంలో అలాంటి వార్త చదివిన ఇంటర్ కుర్రాడొకడు ‘మాస్టారూ, ఈ ఓటు మనం ఎప్పుడు వేయాలి?’ అని అడిగాడు. తప్పు వాడిది కాదు, వాడికెవరూ చెప్పలేదు. ఎన్నికైన ఎంపీలు, ఎమ్మెల్యేలే ఓటేస్తారని, ఒక్కో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208 అని కాగితం మీద రాసి చూపించాను. ఈ విలువ రాష్ట్ర జనాభాను బట్టి, అదీ 1971 లెక్కల ప్రకారం అనగానే ‘ఇంకా ఆ లెక్కలేనా?’ అని ఆశ్చర్యపోయాడు. పైగా ఇది రహస్య ఓటు, ఫలానావారికే ఓటేయాలన్న పార్టీ ఆదేశం (విప్) పనిచేయదు. 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి స్వతంత్రుడిగా నిలబడ్డ వి.వి.గిరి చేతిలో ఓడిపోయారు, అదీ మొదటి ఎంపిక ఓట్లతో తేలక, ఓటర్లు రెండో ఎంపికగా ఇచ్చిన ఓట్లు (రెండో ప్రాధాన్య ఓట్లు) లెక్కించాక. ఇంత జరిగిన దేశంలో ‘ఫలానావారు ఖాయం’ అని రాసేయడం పాఠకుల్ని తప్పుదారి పట్టించడమే. ఒక పేరు ప్రచురించిన ప్రతిసారీ పక్కనే పార్టీలవారీగా ఓట్ల విలువ పట్టిక వేయాలి. పేరు ఎవరు చెప్పారో, అది ఊహో సమాచారమో స్పష్టంగా రాయాలి. బిల్లుల ఆమోదం, క్షమాభిక్ష వంటి విషయాల్లో ఆ వ్యక్తి గతంలో ఏమన్నారో కూడా వెతికి ఇవ్వాలి. ఈ పని ముందుగా మీ పత్రికే మొదలుపెట్టాలి.