కట్టలు విప్పే ముందు

ఒరేయ్ బావా,

నీ ఉత్తరం అందింది. మీ మామగారి వైపు అర్చకుల ఇళ్ళలోని వైఖానస (విష్ణ్వాలయ పూజావిధానపు ఆగమం) తాళపత్రాల కట్టలన్నీ ఎట్టకేలకు ట్రస్టు గూటికి చేరాయన్నమాట. శుభం. కానీ చివర్లో రాశావు చూడు, ఆదివారం నలుగురు కుర్రాళ్ళని పిలిచి భోషాణాలు తెరిచి, ఆకులన్నిటికీ నిమ్మగడ్డి నూనె పట్టించి, సాయంత్రానికి స్కానింగు వాడికి అప్పజెప్తానని. అక్కడ ఆగు. ఆదివారం ఒక్క ముడి కూడా విప్పకు.

లేఖకులు ప్రతుల చివర రాసుకునే శ్లోకం నీకూ తెలిసిందే: తైలాద్రక్షేత్ జలాద్రక్షేత్ రక్షేచ్ఛిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యం ఏవం వదతి పుస్తకం. నూనె నుంచి, నీటి నుంచి, వదులు కట్టు నుంచి కాపాడమంది. అందులో మొదటి మాట నూనె. నువ్వు మొదలుపెడతానంటున్నదీ నూనెతోనే.

ముందు చెయ్యాల్సింది లెక్క. కట్ట కట్టి ఉండగానే నాలుగు వైపులా ఫొటో తియ్యి, ముఖ్యంగా ఆకుల అంచులు కనిపించేలా. రేపు ఎవడి చేతిలోంచో కట్ట జారి ఆకులు కలిసిపోతే వరస తేల్చేది ఆ అంచుల మీది మరకలు, పురుగు తూట్లే. కట్ట నంబరు నూలు నాడా మీద పెన్సిల్‌తో రాసి తాడుకి కట్టు. ఆకు మీద పెన్ను, స్టాంపు, స్టిక్కరు ఏదీ వద్దు. ఆకు సంఖ్యలు ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఉంటాయి. ఎలకలు మొదట కొరికేది అంచులే కాబట్టి చాలా ఆకులకి అవి మిగిలి ఉండవు. అలాంటి చోట నువ్వు ఊహించిన సంఖ్యని ఆకు మీద చెక్కకు. సన్నటి కాగితం చీటీ మీద రాసి పక్కన పెట్టు.

విప్పే బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి, ఒక కట్ట పూర్తయ్యాకే రెండోది తియ్యి. అంటుకుపోయిన ఆకుల్ని బ్లేడుతో విడదీసే తెలివైనవాడు ప్రతి ఊళ్ళోనూ ఒకడుంటాడు, వాణ్ణి గదిలోకి రానివ్వకు. మూత ఉన్న పెట్టెలో అడుగున తడి స్పాంజి, దాని పైన జల్లెడ లాంటి అర, ఆ అర మీద కట్ట పెట్టి కొన్ని గంటలు వదిలితే తేమకి ఆకు మెత్తబడుతుంది. అప్పుడు పల్చటి వెదురు బద్దతో అంచు నుంచి లోపలికి నెమ్మదిగా జరపాలి. గంట గంటకీ చూస్తుండు, రాత్రంతా వదిలేస్తే బూజు పట్టే ప్రమాదం ఉంది. అయినా రాకపోతే వదిలెయ్. అంటుకున్న కట్టని ఇరవై ఏళ్ళ తర్వాతైనా ఎవరో ఒకరు విప్పగలరు, చిరిగినదాన్ని ఎవరూ అతకలేరు.

పురుగు సంగతి. కట్టలో ఒకేచోట పై ఆకు నుంచి కింది ఆకు దాకా సూటిగా తూటు పడిందంటే అది గాస్ట్రాలస్ ఇండికస్ అనే చిన్న పెంకుపురుగు పని. నష్టం చేసేది దాని లద్దె పురుగు. బతికుందా లేదా తేల్చుకోవడానికి కట్ట కింద తెల్ల కాగితం పరిచి రెండు వారాలు చూడు. కొత్తగా పిండి రాలితే బతికున్నట్టే. ఆ కట్టని రెండు పాలిథిన్ సంచుల్లో గాలి పిండేసి మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర ఒక వారం ఉంచు. ఫ్రీజరు కిక్కిరిసేలా నింపకు. చల్లదనం మెల్లగా ఎక్కితే పురుగు దానికి అలవాటుపడి బతికిపోతుంది. కరెంటు పోతే రోజుల లెక్క మళ్ళీ మొదటికి. బయటికి తీశాక సంచి విప్పకుండా 24 గంటలు ఆగాలి, లేకపోతే గాలిలోని చెమ్మంతా చల్లటి ఆకు మీద నీళ్ళై కూర్చుంటుంది. రంగు బొమ్మలున్న ఆకుల్నీ, కట్టకి పైనా కిందా ఉండే పెయింటు వేసిన పలకల్నీ మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకు.

వస, నల్లజీలకర్ర, లవంగం, మిరియాలు, దాల్చినచెక్క దంచి కర్పూరం కలిపి గుడ్డ మూటలు కట్టడం తంజావూరు సరస్వతీ మహల్లో వాడుక. మంచిదే, పెట్టుకో. అయితే అది కొత్త పురుగుని రానివ్వదు గానీ లోపలున్నదాన్ని చంపలేదు. వాసన తగ్గినప్పుడల్లా పొడి మార్చాలి. కలరా ఉండలు మాత్రం వద్దు, ఆ గదిలో రోజంతా కూర్చునేది నువ్వే.

ఇప్పుడు నూనె. ముందు మెత్తటి కుంచెతో దుమ్ము తియ్యాలి. తర్వాత ఇథైల్ ఆల్కహాలు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి, దూది ముంచి పిండేసి, ఆకు పొడవునా ఒకే దిశలో తుడవాలి. మూలలో ఒక అక్షరం మీద పరీక్ష చేశాకే సుమా. గంటంతో గీసి మసి పట్టించిన ఆకుకి భయం లేదు, మసి బొగ్గే కాబట్టి ఆల్కహాలుకి కరగదు. కలంతో సిరా పెట్టి రాసిన ఆకునీ, రంగులు వేసిన ఆకునీ తడితో తాకనే కూడదు.

తుడిచాక ఆకు విరిగేంత పెళుసుగా ఉంటేనే నూనె. నిమ్మగడ్డి నూనె గానీ సిట్రొనెల్లా గానీ, ఆకుకి నాలుగైదు చుక్కలు, దూదితో పల్చగా రాసి, మిగిలింది తుడిచి, బ్లాటింగ్ కాగితాల మీద రాత్రంతా ఆరనివ్వాలి. జిడ్డు తగిలితే ఎక్కువ రాసినట్టు. దుమ్ము దాని మీదే పేరుకుంటుంది, ఆకుకి ఆకు అతుక్కుంటుంది. కొబ్బరినూనె, నువ్వులనూనె అసలు ముట్టుకోకు. అవి ఆరిపోయే రకం కాదు, కొన్నాళ్ళకి కమటు పట్టి జిగురై కూర్చుంటాయి. మెత్తగా వంగే ఆకుకి ఏ నూనే అక్కర్లేదు. శ్రీతాళం అనే మరో జాతి తాటి ఆకు పల్చన, మెత్తన, తొందరగా పెళుసెక్కదు. మన తాటాకు మందం, బిరుసు. నీ దగ్గరున్నవి ఎక్కువ తాటాకులే అయ్యుంటాయి.

మసి పట్టించడంలో జరిగే తప్పు ఇంకా పెద్దది. దీపం మసి నూనెలో రంగరించి ఆకంతా రుద్ది గుడ్డతో తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి అక్షరం లేచి కనబడుతుంది, నిజమే. కానీ పగిలిన ఆకులో ఆ నలుపు పగుళ్ళలోకీ పురుగు బాటల్లోకీ కూడా దూరుతుంది. అప్పుడు ఏది అక్షరమో ఏది తొలుచుడో ఏ పండితుడూ తేల్చలేడు, కడిగినా పోదు. పగుళ్ళున్నవాటికి మసి వద్దు. పక్క నుంచి వాలుగా దీపం వేసి ఫొటో తీస్తే గీతల నీడే చదివిస్తుంది.

చిరుగులకి జపాన్ టిష్యూ అనే పల్చటి కాగితం, మిథైల్ సెల్యులోజ్ జిగురు. సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్ మూడింటికీ గుమ్మం బయటే నమస్కారం పెట్టు.

ఇక శిథిలబంధనం. పాత తాడు గరుకెక్కి, అది దూరే ఆకు రంధ్రాన్ని కోస్తూ పోతుంది, ఆకు విరిగేది అక్కడే. రంధ్రం కంటే బాగా సన్నటి మెత్తని నూలు తాడు మార్చు. బిగిస్తే అంచులు వంగుతాయి, వదిలితే ఆకులు జారి రాసుకుని రాలతాయి. పలకలు ఆకు కంటే చుట్టూ అర సెంటీమీటరు పెద్దవి ఉండాలి. ఆ పైన గంజి పెట్టని, ఉతికిన నూలు గుడ్డ చుట్టాలి. గంజి ఉందంటే వెండిపురుగుకి విందే. దసరాకి మూలా నక్షత్రం నాడు పూజ మానమని చెప్పను, మీ అత్తగారు ఊరుకోరు. పసుపు కుంకుమ మాత్రం పై గుడ్డకి కూడా కాదు, ముందు పెట్టిన పళ్ళేనికి పెట్టించు. సాంబ్రాణి గది బయట.

గదికి తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్లు రెండు కొను. తేమ 50 నుంచి 60 శాతం మధ్య నిలవాలి. 70 దాటితే బూజు, 40 కంటే తగ్గితే ఆకు పెళుసు. కోనసీమలో వానాకాలం 85 చూస్తావు. ఏసీ పగలు వేసి రాత్రి ఆపడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి: రోజూ తేమ పడుతూ లేస్తూ ఉంటే ఆకు సాగుతూ ముడుచుకుంటూ పగులుతుంది. ఇరవై నాలుగ్గంటలూ నడపలేకపోతే ఏసీ మానేసి తేమ లాగే డీహ్యూమిడిఫయర్, చిన్న ఫ్యాను పెట్టుకో. గాలాడని ఇనప బీరువా వద్దు. అరలు గోడకి, నేలకి జానెడు దూరం. కట్టలు పడుకోబెట్టి, ఒకదాని మీద ఒక్కటే, అంతకు మించి వద్దు.

ఫొటోల సంగతి లెక్క వేసి చెప్తాను. 45 సెం.మీ. ఆకుని 24 మెగాపిక్సెల్ కెమెరా అడ్డంగా 6,000 చుక్కల్లో పడుతుంది, అంటే అంగుళానికి దాదాపు 340. చదవడానికి చాలు. ఒకే ఫ్రేములో ఐదాకులు పక్కపక్కన పేర్చినా ఆ స్పష్టత తగ్గదు, ఆకు పొడుగే గానీ వెడల్పు తక్కువ కదా. ప్రమాదమల్లా తిరగేసేటప్పుడే. ఐదూ అదే వరసలో తిప్పకపోతే వెనక వైపు పుటలన్నీ తారుమారు. కట్ట నంబరు, ఆకు సంఖ్య రాసిన చీటీ, రంగుల పట్టీ, కొలబద్ద ప్రతి ఫ్రేములోనూ ఉండాలి. గాజు పలక కింద అదిమే ఫ్లాట్‌బెడ్ స్కానరు తెస్తే ఆ మనిషిని వెనక్కి పంపెయ్, వంకర ఆకు చిట్లుతుంది. 200 కట్టలు, కట్టకి 100 ఆకుల లెక్కన 40,000 పుటలు, ఫ్రేముకి ఐదు చొప్పున 8,000 ఫ్రేములు, టిఫ్ ఫైలు 72 ఎంబీ అనుకుంటే 576 జీబీ. మూడు ప్రతులు చెయ్యి, ఒకటి వేరే ఊళ్ళో ఉంచు. ఫొటో ఉంది కదా అని ఆకుని అటక మీదికో గోదాట్లోకో పంపితే మాత్రం నీతో మాట్లాడను.

పట్టికలో కొలతలు, ఆకులు, పుటకి పంక్తులు, పంక్తికి అక్షరాలు, లిపి, మొదలు, తుద, గద్య (లేఖకుడు చివర రాసుకున్న వివరం) రాయించు. తెలుగు లిపి అనుకున్నదాని మధ్యలో గ్రంథలిపి, నందినాగరి ఆకులు తగులుతుంటాయి, చూసుకో. గ్రంథసంఖ్య కూడా కట్టించు, 32 అక్షరాలు ఒక గ్రంథం: 120 ఆకులు, రెండు వైపులా ఏడేసి పంక్తులు, పంక్తికి 48 అక్షరాలైతే 80,640, దాన్ని 32తో భాగిస్తే 2,520 గ్రంథాలు. అచ్చు ప్రతితో పోల్చితే నీ కట్టలో ఎంత ఉందో ఎంత పోయిందో తెలుస్తుంది. ప్రభవ సంవత్సరం అని మాత్రమే ఉంటే 1807, 1867, 1927 ఏదైనా కావచ్చు, తిథీ వారం కలిపి చూస్తే గానీ తేలదు.

ఒక్క మాట. మరీచి పేరిట ఉన్న వైఖానస గ్రంథం విమానార్చనకల్పం దొరికిందని సంబరపడుతున్నావు. అది ఎప్పుడో అచ్చయింది. చివర్లో పది పన్నెండు ఆకులుగా వేలాడే ప్రయోగాలు, పద్ధతులు అనే పూజావిధి పుస్తకాలు, ఒక గుడికి మాత్రమే చెందిన ఉత్సవ విధులే మరెక్కడా దొరకనివి. పట్టిక రాసేవాళ్ళు విసుగొచ్చి "ఇతరములు" అని వదిలేసేదీ వాటినే. పాండిచ్చేరిలో 1955లో మొదలైన ఫ్రెంచి సంస్థలో ఎన్. ఆర్. భట్ గారి ఆధ్వర్యంలో శైవాగమాలకి చేసిన పని చూడు. తాళపత్రాలు సేకరించడమే కాదు, నాగరి లిపిలో కాగితాల మీదికి ఎత్తి రాయించారు. అక్కడి శైవ ప్రతుల్ని 2005లో యునెస్కో గుర్తించింది. ఆ కాగితపు ప్రతుల్ని ముక్తబోధ అనే ప్రైవేటు సంస్థ ఇంటర్నెట్‌లో పెట్టింది కాబట్టే ఇవాళ నువ్వూ నేనూ చదువుతున్నాం. ప్రైవేటు ట్రస్టు చెయ్యగలిగిన గొప్ప పని అదే. తాళం వేసి దాచడానికైతే భోషాణం సరిపోయేది.

మంత్రభాగాలు బయటపెట్టొద్దని ఏ ఇంటివాళ్ళైనా అంటే గౌరవించు, కానీ ఏ ఆకులు, ఎన్నాళ్ళు అన్నది కాగితం మీద రాయించుకో. ఇచ్చింది దానమా, దాచుకోమనా అన్నది కూడా ఇంటింటికీ విడిగా సంతకంతో ఉండాలి. 75 ఏళ్ళు దాటిన విలువైన ప్రతులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి, పరిశోధనకంటూ దేశం దాటించడం కుదరదు. అమెరికాలో మీ బావమరిది పంపుతానన్న డబ్బు, అతను అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషను గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా ట్రస్టు ఖాతాలో పడనివ్వకు. ఇంకా ఇండియా పాస్‌పోర్టే అయితే చిక్కు లేదు.

ముందు పది కట్టల అంచుల ఫొటోలు, పలకల కొలతలు పంపు. ఏవి ఫ్రీజర్‌కి, ఏవి తడి పెట్టెకి, వేటిని ముట్టుకోకూడదో విడదీసి రాస్తాను. నిమ్మగడ్డి నూనె ఐదు లీటర్లు తెప్పించానన్నావు, వంద మిల్లీలీటర్లు ఉంచుకుని మిగతాది వెనక్కిచ్చెయ్.

నీ
బావ