ఆటల పీరియడ్ పదకొండున్నరకి ఎందుకు మార్చామంటే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

నవంబర్ మొదటి వారం నుంచి ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా ఆటల పీరియడ్‌ని సాయంత్రం నుంచి తీసేసి పొద్దున పదకొండున్నరకి పెట్టాం. ఆ మర్నాటి నుంచే క్లాసు గ్రూపుల్లో మెసేజీలు మొదలయ్యాయి. "మేడమ్, మిట్టమధ్యాహ్నం పిల్లల్ని ఎండలో తిప్పితే ఎలా?", "పాప నల్లబడిపోతోంది, వచ్చే నెల ఇంట్లో పెళ్ళి ఉంది", "కావాలంటే అసెంబ్లీ ఇంకో పావుగంట పెంచండి, లేత ఎండ మంచిదంటారు కదా". అందరికీ విడివిడిగా జవాబు రాయడం నా వల్ల కాదు, అందుకే ఈ నెల లేఖ మొత్తం దీని గురించే.

ముందు ఆ లేత ఎండ సంగతి చూద్దాం. పొద్దుటెండ హాయిగా ఉంటుంది, ఒళ్ళు చురుకవుతుంది, కాదనను. కానీ విటమిన్ డి కోసమైతే దానితో పెద్దగా పని జరగదు. మన చర్మంలో కొలెస్ట్రాల్‌కి దగ్గరి చుట్టంలాంటి ఒక పదార్థం ఉంటుంది, దాని మీద సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల్లో బి రకం పడితేనే అది విటమిన్ డిగా మారడం మొదలవుతుంది, తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని ఒంటికి పనికొచ్చే రూపంలోకి తెస్తాయి. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలిలో చాలా దూరం ఏటవాలుగా రావాలి, దారిలోనే ఓజోన్ చాలావరకు పీల్చేసుకుంటుంది. తిరుపతిలో దీని మీద పరిశోధన చేసినవాళ్ళు కూడా పదకొండు నుంచి రెండు మధ్య ఎండే బాగా పనిచేస్తుందని తేల్చారు.

మీరే చూసుకోవచ్చు. నీడ మన ఎత్తుకంటే పొట్టిగా ఉంటే ఆ కిరణాలు బాగా అందుతున్నట్టు. డిసెంబర్‌లో ఎనిమిదిన్నరకి అసెంబ్లీలో నిలబడ్డ పిల్లవాడి నీడ వాడికి రెండింతలు ఉంటుంది, అదే పదకొండున్నరకి వాడికంటే చిన్నదైపోతుంది. సైన్స్ మాస్టారు ఎనిమిదో తరగతి వాళ్ళ చేత టేపు పట్టించి ఇవే కొలిపిస్తున్నారు, నోటు బుక్కులో అంకెలు ఉంటాయి, అడిగి చూడండి. అమెరికాలో బోస్టన్ లాంటి చోట చలికాలమంతా సూర్యుడు కిందుగానే ఉంటాడు, అక్కడున్న మన చుట్టాలకి నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఎంతసేపు బయట నిలబడ్డా చర్మంలో విటమిన్ డి తయారవదు. మనకి ఏడాది పొడుగునా ఉచితంగా దొరుకుతుంది, మనమేమో కర్టెన్లు వేసుకుంటాం.

ఇది ఉత్త మాట కాదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2016-18లో చేయించిన జాతీయ పోషకాహార సర్వేలో 5-9 ఏళ్ళ పిల్లల్లో 18 శాతం మందికి, 10-19 ఏళ్ళ వాళ్ళలో 24 శాతం మందికి విటమిన్ డి లోపం కనబడింది. పల్లెల్లో కంటే పట్టణాల్లోనే ఎక్కువ. ఫ్లాట్ నుంచి బస్సుకి, బస్సు నుంచి క్లాసుకి, క్లాసు నుంచి ట్యూషన్‌కి వెళ్ళే పిల్లలకి ఎండ ఎక్కడ తగులుతుంది? బస్సు కిటికీ పక్కన కూర్చుంటే సరిపోదు, అద్దం ఆ బి రకం కిరణాల్ని దాదాపుగా ఆపేస్తుంది, వేడి, వెలుతురు మాత్రం లోపలికి వస్తాయి.

విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం పేగుల నుంచి ఒంటికి సరిగా పట్టదు. బాగా తగ్గితే చిన్నపిల్లల్లో రికెట్స్ వస్తుంది, కాళ్ళు వంకర తిరుగుతాయి. మన పిల్లల్లో అంత దూరం వెళ్ళేది అరుదే, కానీ ఎముక గట్టిపడే వయసు ఇదే, ముఖ్యంగా ఆడపిల్లలకి. నాకు కోపం తెప్పించేదీ ఇక్కడే: ఏడో తరగతి దాటగానే ఆడపిల్లలు ఆటల పీరియడ్‌లో చెట్టు కింద కూర్చోవడం, దానికి ఇంటి నుంచి చీటీ రావడం. ఒంట్లో నిజంగా బాగోలేకపోతే సరే, నల్లబడుతుందని మాత్రం చీటీ పంపొద్దు, ఇకమీదట తీసుకోం. అసలు ఆ నలుపే చర్మానికి రక్ష. అది కిరణాల్ని కొంత ఆపుతుంది కాబట్టి మన ఛాయ వాళ్ళకి తెల్లవాళ్ళకంటే ఎక్కువసేపు ఎండ కావాలి, ముఖం, చేతులు, కాళ్ళకి అరగంటైనా తగలాలి. అందుకే ఆ పీరియడ్‌కి పొట్టి చేతుల టీషర్టు పెట్టాం.

కళ్ళ విషయం కూడా. కళ్ళజోళ్ళు ఏటేటా పెరుగుతున్నాయని టీచర్లందరూ అంటున్నారు. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల్లో ఒకటో తరగతి పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు, సగం బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా బయటికి పంపారు. మూడేళ్ళ తర్వాత చూస్తే అక్కడ కొత్తగా దూరపు చూపు తగ్గినవాళ్ళు 30 శాతం, మామూలు బడుల్లో 39 శాతానికి పైనే. ఇది విటమిన్ డి వల్ల కాదు, ఆరుబయటి వెలుతురు వల్లనే అనుకుంటున్నారు. చెట్టు నీడలో ఉన్నా కూడా క్లాసు గదికంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది.

ఇక మందుల షాపు సంగతి. అరవై వేల యూనిట్ల విటమిన్ డి సాచెట్లు, క్యాప్సూల్స్ ఎవరో చెప్పారని మీ అంతట మీరే కొని వేయకండి. పిల్లలకి రోజుకి కావాల్సింది 600 యూనిట్లు, ఆ ఒక్క సాచెట్‌లో దానికి వంద రెట్లు ఉంటుంది. డాక్టరు వారానికి ఒకటని రాస్తే రోజుకొకటి వేస్తే రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, విపరీతమైన దాహం, చివరికి కిడ్నీల దాకా వెళ్తుంది. ఎండతో ఈ భయం లేదు, ఎక్కువైనది చర్మమే విరగ్గొట్టేసుకుంటుంది. అలాగని అందరికీ రక్తపరీక్ష కూడా అక్కర్లేదు, కాళ్ళ నొప్పులు తగ్గకుండా ఉంటే డాక్టరుకి చూపించండి. బాక్సులో పెరుగు, రాగి, నువ్వులు, తినేవాళ్ళకి గుడ్డు పెడితే ఎండకి తోడుగా ఉంటుంది.

ఈ టైము ఫిబ్రవరి ఆఖరు వరకే. మార్చిలో ఎండలు ముదిరేసరికి ఆటలు పొద్దుటికి వెళ్ళిపోతాయి, వడదెబ్బ తగిలించుకుని విటమిన్ సంపాదించక్కర్లేదు. ఎండ పడని చర్మ సమస్య ఉన్నా, ఏవైనా మందులు వాడుతున్నా క్లాస్ టీచర్‌కి ఈ వారంలోనే రాసి పంపండి. టోపీ పెట్టుకోవచ్చు, నీళ్ళ సీసా తప్పనిసరి. రెండింటి మీదా పేరు, సెక్షన్ రాయండి, ఆఫీసులో పేరు లేని సీసాలు ఇప్పటికే ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు