డెల్టాలోని చిన్న కార్మిక సంఘాలకు ఉమ్మడి మండలి అవసరం

సంపాదకులు గారికి,

నమస్కారములు.

పాత కార్మిక చట్టాలను కలిపి కేంద్రం తెచ్చిన నాలుగు కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన తరువాత మీ పత్రిక జిల్లా అనుబంధంలో వాటిని వివరిస్తూ వచ్చిన వ్యాసాలను నేను వరుసగా చదివాను. నియామక పత్రం ఎవరు ఇవ్వాలి, గ్రాట్యుటీ ఎప్పుడు వస్తుంది, పని గంటలు ఎన్ని అన్న విషయాలను ఒక్కొక్క కార్మికుడికి అర్థమయ్యేలా రాశారు, అందుకు కృతజ్ఞతలు. అయితే ముప్పై నలభై మంది సభ్యులున్న ఒక చిన్న సంఘం ఈ చట్టాల ముందు ఎలా నిలబడగలదు అన్న ప్రశ్న ఆ వ్యాసాలలో ఎక్కడా రాలేదు. మన గోదావరి డెల్టాలో నేను చూసిన సంఘాలు చాలావరకు అటువంటివే కాబట్టి, ఇరవై ఆరేళ్ళు బియ్యం మిల్లులలో బస్తాలు మోసే ముఠా కార్మికుల సంఘానికి కార్యదర్శిగా, ఆ తరువాత కొంతకాలం కార్మిక సంఘాలు కలిసి పెట్టుకున్న జిల్లా కౌన్సిల్ ఆఫీసులో కాగితాలు చూసే పనిలో ఉన్నవాడిగా నాకు తెలిసినది రాస్తున్నాను.

ఇక్కడ వేలమంది ఒకే గేటులోంచి లోపలికి వెళ్ళే కర్మాగారాలు తక్కువ. మిల్లుకొక ముఠా, షెడ్డుకొక మేస్త్రి, తోటకొక జట్టు. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు, ఒలుపు కార్మికులు, కడియం నర్సరీలలో మొక్కలు సంచులకెత్తే ఆడవాళ్ళు, భీమవరం చుట్టుపక్కల రొయ్యల శుద్ధి కేంద్రాలలో తలలు తీసేవారు, నరసాపురం ప్రాంతంలో ఇంటి అరుగు మీద కూర్చుని లేసు అల్లేవారు, వీళ్ళందరి పనీ చెదిరిపోయి ఉంటుంది. అటువంటి చోట పుట్టిన సంఘానికి ఉండే ఆస్తి ఒక రశీదు పుస్తకం, ఒక మినిట్స్ పుస్తకం, ఒక రబ్బరు స్టాంపు, ఒక జెండా. కార్యదర్శి పగలంతా బస్తాలు మోసి రాత్రి చందా లెక్క రాసుకోవాలి. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 28వ సెక్షన్ ప్రకారం ప్రతి రిజిస్టర్డ్ సంఘమూ ఏటా ఆడిట్ చేయించిన లెక్కలను రిజిస్ట్రారుకు పంపాలి. పంపకపోతే రిజిస్ట్రేషన్ రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆ చట్టం ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల స్మృతిలో కలిసిపోయినా లెక్కలు పంపే బాధ్యత మాత్రం పోలేదు. యాజమాన్యంతో తలపడి ఓడిన సంఘాల కంటే, ఈ ఒక్క కాగితం పంపక పేరు పోగొట్టుకున్న సంఘాలనే నేను ఎక్కువగా చూశాను. ప్రాంతీయ కౌన్సిల్ చేసే పనులలో బయటివాళ్ళకు కనిపించని మొదటి పని ఇదే. మా ఆఫీసులో రెండు బీరువాలు, ఒక బల్ల ఉండేవి. కొత్త సంవత్సరం రాగానే ఊరికొకరు చొప్పున కార్యదర్శులు రశీదు పుస్తకాలు సంచీలో పెట్టుకుని వచ్చేవారు, ఒక విశ్రాంత గుమాస్తా గారు కూర్చుని అందరి లెక్కలూ సరిచూసి ఫారాలు నింపి పంపేవారు.

రెండవ పని ఒప్పందాలను కూడబెట్టి ఉంచడం. ముఠా కూలి అంటే బస్తాకు ఇంత అని ఒకే అంకె అనుకుంటారు గానీ, లారీ నుంచి ధాన్యం దిగుమతికి ఒక రేటు, కాటా వేయడానికి ఒకటి, నెట్టు (బస్తాల దొంతర) కట్టడానికి ఒకటి, బియ్యం లోడింగుకు ఒకటి, తవుడు బస్తాలకు మరొకటి ఉంటాయి. 75 కిలోల ధాన్యం బస్తాను నెట్టు పైవరసకు ఎక్కించేవాడికీ కింద వరసలో దించేవాడికీ ఒకే రేటు ఇవ్వడం ఎంత అన్యాయమో మోసినవాడి మెడకు తెలుస్తుంది. మా ఊరి ఒప్పందంలో ఆ ఎత్తుకు విడిగా రేటు ఉండేది కాదు. గోదావరి అవతలి గట్టున మరో మిల్లుల ఊరిలో అది ఎప్పటి నుంచో ఉందని మాకు తెలియదు. కౌన్సిల్ బీరువాలో ఆ ఊరి ఒప్పందం నకలు దొరికింది. దానిని చర్చల రోజున యజమానుల ముందు పెడితే, వారి ప్రతినిధి ఒకరు కళ్ళద్దాలు పెట్టుకుని కింద ఉన్న సంతకాలను చాలాసేపు చూసి, ఇక వాదించకుండా ఒప్పుకున్నారు. ఆ నకలు లేకపోతే మేము ఎంత గట్టిగా అడిగినా అది అడుక్కోవడంగానే ఉండేది.

ఒక సంవత్సరం నా వల్ల జరిగిన పొరపాటు కూడా చెప్పాలి. చర్చలు త్వరగా తేలిపోయాయన్న సంతోషంలో, లేబర్ ఆఫీసరు లేకుండానే, ఒక మిల్లు ఆఫీసులో కూర్చుని ఒప్పందం కాగితం నేనే రాసి సంతకాలు పెట్టించాను. నాలుగు నెలలు గడవక ముందే ఆ యజమాని వేరే మేస్త్రి ద్వారా కొత్త ముఠాను తెచ్చి తక్కువ కూలికి పని చేయించుకోవడం మొదలుపెట్టారు. లేబర్ ఆఫీసుకు వెళ్తే, ఇది మీ ఇరుపక్షాల మధ్య ఒప్పందం, కొత్తగా వచ్చినవారికి ఇది వర్తించదు అన్నారు. అప్పుడు అమలులో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 18వ సెక్షన్‌లో ఆ తేడా స్పష్టంగా ఉంది: విడిగా చేసుకున్న ఒప్పందం సంతకాలు చేసిన పక్షాలకే పరిమితం, అధికారి సమక్షంలో రాజీ ప్రక్రియలో కుదిరిన ఒప్పందం ఆ సంస్థలో ఉన్నవారికీ తరువాత చేరేవారికీ కూడా వర్తిస్తుంది. కాగితం రాసే ముందు కౌన్సిల్‌కు ఒక్క ఫోను చేసి ఉంటే ఈ మాట చెప్పేవారు. అరవై మంది రెండేళ్ళు నష్టపోయారు.

రొయ్యల కేంద్రాల సంగతి మరింత వివరంగా రాయవలసినది. ఒకరోజు సాయంత్రం ముగ్గురు ఆడవాళ్ళు మా ఆఫీసుకు వచ్చారు. పొద్దస్తమానం మంచునీళ్ళలో చేతులు పెట్టి ఉంచడం వల్ల ఒకామె వేళ్ళు తెల్లగా నాని, గోళ్ళ పక్కన చీలి ఉన్నాయి. ఆమె సంచీలోంచి మడతలు పెట్టిన జీతం చీటీ తీసి, "బాబాయిగారూ, ప్రతి నెలా కోత అయితే పడుతోందండి, ఆసుపత్రికి వెళ్తే నంబరు అడుగుతున్నారండి, నాకు నంబరే ఇవ్వలేదండి" అన్నది. చీటీలో ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) కింద 90 రూపాయలు కోత ఉంది. 2019 జులై నుంచి కార్మికుడి వాటా జీతంలో 0.75 శాతం, యాజమాన్యం వాటా 3.25 శాతం, 12,000 రూపాయల జీతం మీద ఆమె నుంచి 90 తీసుకుంటే యాజమాన్యం 390 కలిపి కట్టాలి. ఆమె పేరు మీద ఆ 480 రూపాయలు ఎక్కడా జమ కాలేదు. కాంట్రాక్టరును అడిగితే కంపెనీ అంటారు, కంపెనీని అడిగితే కాంట్రాక్టరు అంటారు. వాళ్ళ సంఘం పెట్టి ఆరు నెలలు కూడా కాలేదు, సభ్యులు ముప్పై మందికి మించి లేరు, ఈఎస్ఐ కార్యాలయానికి ఏ ఫారంలో రాయాలో వారికి తెలియదు. కౌన్సిల్ న్యాయవాది ఆ చీటీలన్నీ నెలవారీగా పేర్చమన్నారు. పేర్చడానికి మాకు రెండు ఆదివారాలు పట్టింది. చీటీలు పారేసుకున్నవారి కోసం బస్సులో వచ్చే తోటివారి ఇళ్ళకు వెళ్ళి అడిగారు. ఫిర్యాదు వెళ్ళిన కొన్ని నెలలకు నంబర్లు వచ్చాయి. ఆ తరువాత సంఘంలో చేరినవారి సంఖ్య పెరిగింది. ఉపన్యాసాలు విని కాదు, పక్కింటామె చేతిలో నంబరు చూసి చేరారు.

ఇప్పుడు కొత్త స్మృతి దగ్గరకు వస్తాను. పారిశ్రామిక సంబంధాల స్మృతి ప్రకారం ఒక సంస్థలో ఒకటికి మించి సంఘాలున్నప్పుడు, మస్టరు రోలు (హాజరు పట్టిక)లోని కార్మికులలో 51 శాతం మద్దతు ఉన్న సంఘమే యాజమాన్యంతో మాట్లాడే ఏకైక చర్చల సంఘం అవుతుంది. ఎవరికీ అంత బలం లేకపోతే యజమాని ఒక చర్చల మండలిని ఏర్పాటు చేయాలి, అందులో కనీసం 20 శాతం మద్దతు ఉన్న సంఘాలకే చోటు. నేను అడుగుతున్న ప్రాంతీయ మండలి వేరు, ఈ మండలి వేరు. రెండింటినీ కలగాపులగం చేయవద్దని మనవి. మన ప్రాంతంలో ఒక్కో సంస్థలో మూడు నాలుగు జెండాలు ఉండడం మామూలే. 300 మంది పనిచేసే చోట నాలుగు సంఘాలకు తలా 50 మంది ఉన్నారనుకుందాం. 200 మంది సంఘాలలో ఉన్నట్టే, కానీ ఒక్కొక్క సంఘానికి 17 శాతం కూడా రాదు కాబట్టి ఆ నలుగురిలో ఒక్కరికీ కుర్చీ దొరకదు. కాంట్రాక్టరు పుస్తకంలో పేరున్నవారిని లెక్కలో కలపాలా వద్దా అన్న తగవు దీనికి తోడవుతుంది. ఈ లెక్క ముందుగా చూసి, ఏఐటీయూసీ, సీఐటీయూ, ఐఎన్‌టీయూసీ, బీఎంఎస్ అన్న కేంద్ర సంఘాల భేదం లేకుండా ఆ నాలుగు సంఘాల వారిని ఒకచోట కూర్చోబెట్టి, ఈ సంస్థలో మీరు ఉమ్మడి సంఘంగా నిలబడండి అని చెప్పగల మూడో మనిషి కావాలి. ఆ మనిషి ఏ ఒక్క కేంద్ర సంఘం ఆఫీసు నుంచీ రాలేడు, వస్తే మిగిలినవారు నమ్మరు.

సమ్మె విషయంలోనూ అంతే. ఇదివరకు రైళ్ళు, నీరు, విద్యుత్తు వంటి ప్రజోపయోగ సేవలకే ఉన్న ముందస్తు నోటీసు నిబంధన ఇప్పుడు పారిశ్రామిక సంస్థలన్నింటికీ వర్తిస్తుంది, 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది ఒకేరోజు సెలవు పెట్టినా సమ్మె కిందికే వస్తుంది. రాజీ చర్చలు నడుస్తుండగా పని మానితే అది చట్టవిరుద్ధం. తేదీలు లెక్కపెట్టడంలో ఒక్క రోజు తప్పితే పేదవాడు కోర్టు మెట్లు ఎక్కాలి.

కలిసి నడిస్తే ఏమవుతుందో 2023 డిసెంబరు 12న మొదలై 42 రోజులు సాగిన అంగన్‌వాడీ సమ్మెలో రాష్ట్రమంతా చూసింది. వేర్వేరు కేంద్ర సంఘాలకు చెందిన అంగన్‌వాడీ యూనియన్లు ఒకే శిబిరంలో కూర్చున్నాయి. ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల నిర్వహణ చట్టం) ప్రయోగించినా విడిపోలేదు. మా ఊరి శిబిరానికి మా ముఠావాళ్ళు ఆ రోజు కూలి డబ్బుతో బియ్యం కొని, బస్తా భుజం మీద మోసుకుని వచ్చి షామియానా కింద దించారు. ఆ టీచర్లు చదువు చెప్పిన పిల్లలు మా ముఠావాళ్ళ ఇళ్ళలోనే ఉన్నారు. ఆ రోజు బియ్యం ఎవరు తేవాలి, నీళ్ళు ఎవరు పంపాలి, ఏ రోజు ఏ సంఘం శిబిరంలో కూర్చోవాలి అన్న పట్టిక ఒక కౌన్సిల్ బల్ల మీద తయారైంది.

ఇది కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులో 1868లో దేశవ్యాప్త కార్మిక మహాసభను తొలిసారి పిలిచింది మాంచెస్టర్, సాల్ఫోర్డ్ నగరాల సంఘాలు కలిసి పెట్టుకున్న స్థానిక మండలి. మన గోదావరి జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులలో, 1918లో బి.పి.వాడియా నాయకత్వంలో ఏర్పడిన మద్రాస్ లేబర్ యూనియన్‌ను మిల్లు యాజమాన్యం హైకోర్టుకు ఈడ్చింది, ఆ దెబ్బ తరువాతే సంఘాలకు చట్టరక్షణ కావాలన్న వాదన బలపడి 1926 చట్టం వచ్చింది.

కౌన్సిళ్ళలో లోపాలు లేవని నేను అనను. మా కౌన్సిల్ సమావేశాలు ఎప్పుడూ పట్టణంలో, సాయంత్రం ఆరు గంటలకు పెట్టేవారు. షిఫ్టు దిగి వంట చేసుకోవలసిన ఆడవాళ్ళు ఆ వేళకు రాలేరని, వచ్చినా చివరి బస్సు దొరకదని మాకు చాలా ఏళ్ళు తట్టలేదు. సభ్యులలో సగం మంది ఆడవాళ్ళు ఉన్న సంఘం నుంచి కూడా మగవాడే ప్రతినిధిగా వచ్చేవాడు. పైనుంచి సమ్మె నిర్ణయం పంపి, కింద జనరల్ బాడీ పెట్టకుండానే బోర్డు మీద రాయించిన సందర్భమూ ఉంది; ఆ సమ్మె మూడో రోజుకు విరిగింది. మండలి సలహా ఇవ్వాలి, లాయరును పంపాలి, నిధి సమకూర్చాలి. పని మానాలా వద్దా అన్నది మానేవాడు చేయెత్తి చెప్పాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో ఉన్న కాస్త సమన్వయమూ చెదిరింది. పాత పశ్చిమ గోదావరిలో ఏలూరు విడిపోయింది, పాత తూర్పు గోదావరి చాలావరకు కాకినాడ, కోనసీమ, రాజమహేంద్రవరం కేంద్రంగా ఉన్న తూర్పు గోదావరి జిల్లాల మధ్య పంచుకోబడింది. పరిపాలనకు అది మంచిదే కావచ్చు. కానీ రొయ్యల లారీ జిల్లా సరిహద్దు దగ్గర ఆగదు, మేస్త్రి ఒక జిల్లాలో ఆడవాళ్ళను ఎక్కించుకుని మరో జిల్లాలో దింపుతాడు, ధవళేశ్వరం నుంచి వచ్చే నీరు ఆలస్యమైతే నాట్లూ కోతలూ మిల్లు పనులూ గోదావరికి రెండు వైపులా ఒకేసారి వెనక్కి పోతాయి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు ఆ ఆందోళన భీమవరంలోనూ కాకినాడలోనూ ఒకే రోజు మొదలైంది. సంఘాలు మాత్రం ఏ జిల్లాకు ఆ జిల్లా విడివిడిగా వినతిపత్రాలు ఇచ్చుకున్నాయి.

అందువల్ల ఈ జిల్లాలన్నింటికీ కలిపి ఒక డెల్టా కార్మిక మండలి ఏర్పడాలని నా కోరిక. రావులపాలెం వంటి నాలుగు వైపుల బస్సులు కలిసే ఊరిలో ఒక గది, జీతం తీసుకుని పూర్తికాలం పనిచేసే ఒక మనిషి, నెలకు రెండు ఆదివారాలు వచ్చే ఒక న్యాయవాది ఉంటే మొదలుపెట్టవచ్చు. ప్రతి సంఘం సభ్యునికి నెలకు రెండు రూపాయల చొప్పున కట్టినా గది అద్దెకు లోటుండదు. పది మంది సభ్యులున్న దింపు కార్మికుల సంఘానికీ అందులో ఒక ఓటు ఉండాలి. సమావేశం ఆదివారం పగటి పూట, ఒక్కోసారి ఒక్కో ఊరిలో పెట్టాలి. కేంద్ర కార్మిక సంఘాల జిల్లా నాయకులు ఈ ఉత్తరం చూసి, ఎవరి జెండా ముందుండాలన్న చర్చతో కాకుండా, ఎవరి బీరువాలో ఏ ఒప్పందాలున్నాయో ఒకచోట చేర్చడంతో మొదలుపెట్టాలని ప్రార్థిస్తున్నాను.

మీ పత్రికకు కూడా ఒక మనవి. రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఏప్రిల్, అక్టోబరు నెలల నుంచి కనీస వేతనాలపై కరువు భత్యాన్ని సవరిస్తుంది. ఆ పట్టిక లేబర్ ఆఫీసు గోడ దాటి బయటకు రావడం అరుదు. బియ్యం మిల్లులు, రొయ్యల శుద్ధి, దుకాణాలు, ఇటుక బట్టీలకు సంబంధించిన అంకెలను సవరణ వచ్చిన వారంలోనే జిల్లా పేజీలో పెద్ద అక్షరాలతో వేయండి. ముఠా షెడ్డులో గోడకు అంటించుకునేందుకు వీలుగా ఉండేలా వేస్తే మరీ మంచిది.

ఇట్లు,
ముఠా కార్మిక సంఘం మాజీ కార్యదర్శి,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.