చూడాల్సింది ఆ మనిషి కాగితాలు

సంపాదకుల గారికి,

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు పీజీ హాస్టళ్లు నడిపేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామంది. 'ఆఫ్రికా వాళ్లకు ఇవ్వొద్దు', 'బెంగాలీ మాట్లాడితే పంపించెయ్యండి' అనే మాటలు వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మామూలైపోయాయి. ఎవడో ఒకడు అద్దె ఎగ్గొట్టాడని ఆ దేశం వాళ్లందరికీ తలుపు మూసేయడం అన్యాయం. దానివల్ల యజమానికి ఒరిగేదీ లేదు.

2025 నాటి ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం కూడా మనల్ని అడిగేది గదిలో దిగిన విదేశీయుడి వివరాలే. 24 గంటల్లో విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం, అంటే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ పోర్టల్లో ఎక్కించాలి. ఫారం-సీ అని అందరూ అనేది దాన్నే. లాగిన్ ముందుగానే తీసుకోండి. మనిషి దిగాక మొదలుపెడితే గడువు అక్కడే దాటిపోతుంది. పాస్‌పోర్టులో ఫొటో పేజీ, వీసా, ఇమిగ్రేషన్ ముద్ర ఒరిజినల్‌లోనే చూడాలి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే ఎక్కించాలి. ఇంటిపేరు, సొంతపేరు తారుమారైతే రేపు వీసా పొడిగింపుకు వెళ్లినప్పుడు ఇబ్బంది పడేది ఆ పిల్లాడే. వీసా తేదీ దాటినట్టు కనిపిస్తే వెంటనే గెంటెయ్యకుండా పొడిగింపు దరఖాస్తు చూపించమనండి.

శరణార్థుల దగ్గర పాస్‌పోర్టు ఉండకపోవచ్చు. టిబెటన్లకు మన ప్రభుత్వమే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఇస్తుంది. 1960ల నుంచి మైసూరు జిల్లా బైలకుప్పె టిబెటన్ శిబిరంలో ఉంటున్న కుటుంబాల పిల్లలను పాస్‌పోర్టు లేదని దొంగల్లా చూడటం ఎంత తప్పు! ఆ సర్టిఫికెట్ రెన్యువల్ తేదీ చూడండి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చే కార్డు వీసా కాదు, అలాగని దొంగ కాగితమూ కాదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చెయ్యలేదు. కాబట్టి అలాంటివాళ్ల సంగతి ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలోనే అడగాలి.

ఇక భాష. పశ్చిమ బెంగాల్లో, త్రిపురలో, అస్సాం బరాక్ లోయలో మాట్లాడేదీ బెంగాలీయే. చెత్త ఏరుకునే మనిషి మాట విని బంగ్లాదేశీ అని తేల్చే అధికారం అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఎవరిచ్చారు? ఆధార్‌తోనూ అది తేలదు. ఏడాదిలో 182 రోజులు ఇక్కడున్న విదేశీయుడికీ ఆధార్ వస్తుంది. అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టమే చెబుతోంది. నిజంగా అనుమానం ఉంటే ఆ ఒక్కరి వివరాలు పోలీసులకు ఇచ్చి ఊరుకోవాలి.

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్‌లో మన హైదరాబాదు ఇంజనీరును కాల్చి చంపినవాడు అతన్ని ఇరానీ అనుకున్నాడు. వీసా సంగతి అడిగి గొడవపడి, వెళ్లి తుపాకీతో తిరిగొచ్చాడు. చట్టప్రకారం ఉద్యోగం చేసుకుంటున్న మనిషికి ఆ గతి పట్టింది. ఆ వార్తకు మనమంతా కుమిలిపోయాం కదా, మన వీధిలో రంగు చూసి గది లేదనడం ఎలా సమర్థించుకుంటాం?

ఒకరి కాగితాలు సరిగా లేకపోతే ఆ ఒక్కరి సంగతే చూడండి. పక్క గదిలో అదే దేశం పిల్లలున్నారని వాళ్లకూ నోటీసు ఇవ్వకండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో మనవాళ్ల అడ్వాన్సులో ఎంత పట్టుకుంటారో, వాళ్ల దగ్గరా అంతే పట్టుకోండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు