ఫార్మసీ విద్యార్థులకు మాట్లాడటమూ నేర్పాలి

సంపాదకులకు,

బీఫార్మసీ మొదటి సెమిస్టర్‌లో కమ్యూనికేషన్ స్కిల్స్ థియరీకి కేటాయించిన 30 గంటలు, నేనెరిగిన కళాశాలల్లో, నోట్సు రాయించడంతోనే ముగుస్తున్నాయి. రోగికి మందు వాడే తీరు వివరించడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీస్ రెగ్యులేషన్స్ చెబుతున్నా, ములుగు, భూపాలపల్లి పల్లెల నుంచి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వచ్చే ముసలవ్వకు ‘పొద్దుగాల పరగడుపున ఒకటి’ అని విడమరచి చెప్పే చొరవ, ఇంగ్లిష్‌లోనే పాఠాలు విన్న మన పిల్లలకు రావడం లేదు. ఒకే చీటీలో రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్, ఆస్పిరిన్ రెండూ కనిపిస్తే రక్తస్రావ ప్రమాదాన్ని గుర్తించి, డాక్టరును మర్యాదగా అడిగి నిర్ధారించుకోవడం కూడా బట్టీ పడితే వచ్చేది కాదు. (అడిగితే విసుక్కునే డాక్టర్ల సంగతి మరో ఉత్తరానికి సరిపోతుంది.) నిజమైన మందుల చీటీలపై తరగతిలో చర్చలు, తెలుగులో రోగితో సంభాషణ అభ్యాసం చేయించి, వాటికి ఇంటర్నల్ మార్కులు ఇవ్వాలని కళాశాలలను కోరుతున్నాను.

– ఒక ఫార్మసీ అధ్యాపకుడు, హనుమకొండ